బీఎస్సీ అగ్రికల్చర్: చేరే ముందు నుంచి ఉద్యోగం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంసెట్ ర్యాంకులు వచ్చిన రోజు నుంచి కౌన్సెలింగ్ ముగిసేదాకా ఏటా ఇవే ప్రశ్నలు. చేరాక ఇంకొన్ని, నాలుగో ఏట ఊళ్లో ఉండి పని నేర్చుకునే రావెప్‌కు పల్లెకు వెళ్లే ముందు మరికొన్ని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కన్నా ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది. ఇదంతా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్ గురించి. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. కోటాలు, ఫీజులు ఏటా కొద్దో గొప్పో మారుతుంటాయి కాబట్టి, అప్లికేషన్ పెట్టే ముందు ఆ ఏటి నోటిఫికేషన్ చదువుకునే పని మాత్రం మీదే.

## చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

నీట్‌లో సీటు రాలేదు. ఇందులో చేరి, పక్కన మళ్లీ నీట్ రాయొచ్చా?

రాయొచ్చు, ఎవరూ ఆపరు. ప్రతి బ్యాచ్‌లోనూ అలా రాసేవాళ్లు ఉంటారు. కాకపోతే ఇది మధ్యాహ్నానికి ఖాళీ అయిపోయే డిగ్రీ కాదు. ఉదయం క్లాసులు, మధ్యాహ్నం ల్యాబులు, కొన్ని రోజులు తెల్లవారగానే పొలం. హాజరు 75 శాతం ఉండాలి. వీటి మధ్య నీట్‌కు చదివేవాళ్లలో చాలామంది రెంటికీ చెడ్డట్టే అవుతారు. నీట్ మీదే మనసుంటే ఏడాది లాంగ్‌టర్మ్ తీసుకోవడమే నయం. చేరి మధ్యలో మానేసే ఆలోచన ఉంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎలా తిరిగిస్తారో, కట్టిన ఫీజు ఏమవుతుందో చేరకముందే అడగండి. అడ్మిషన్ల గడువు దాటాక మీరు వదిలేసిన సీటు ఎవరికీ దక్కదు. వెయిటింగ్‌లో ఉన్న ఇంకొకరి నాలుగేళ్లు అందులో పోతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మాకు సెంటు భూమి లేదు, టౌన్లో పెరిగాను. రైతు పిల్లల ముందు తేలిపోతానా?

మొదటి సెమిస్టర్‌లో కొంచెం తేలిపోతారు. వాళ్లకు నారుమడి, దమ్ము, అరక తెలిసి ఉంటాయి, మీకు తెలియవు. రెండో ఏడాదికి ఆ తేడా దాదాపు పోతుంది, ఎందుకంటే ఇక్కడ పరీక్ష పెట్టేది పని తెలుసా అని కాదు, ఆ పని ఎందుకు చేస్తారో తెలుసా అని. లేత దశలో వరినీ ఊదగడ్డినీ వేరుచేయమంటే పల్లె పిల్లలు కూడా తడబడతారు. ఆకు, దాని తొడుగు కలిసే చోట వరికి పల్చటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు. ఇది ల్యాబులో నేర్పేదే. పైగా ఇంట్లో నాన్న చేసే పద్ధతే సరైనదని రైతు పిల్లలకు ఒక గట్టి నమ్మకం ఉంటుంది. మీకు ఆ బరువు లేదు.

ఇంటర్ ఎంపీసీ చదివాను. నాకు దారి ఉందా?

రాష్ట్ర కోటాలో బీఎస్సీ అగ్రికల్చర్ సీట్లు బైపీసీ వాళ్లకే. ఎంపీసీ వాళ్లకు వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోనే బీటెక్ అగ్రికల్చరల్ ఇంజినీరింగ్, బీటెక్ ఫుడ్ టెక్నాలజీ ఉన్నాయి. బాపట్లలో రెండూ ఉన్నాయి. అగ్రికల్చరే కావాలంటే జాతీయ కోటా ఒక దారి. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సీట్లకు జాతీయ ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాసేటప్పుడు మ్యాథ్స్ గ్రూపు వాళ్లనూ తీసుకునే విశ్వవిద్యాలయాలు ఇతర రాష్ట్రాల్లో ఉన్నాయి. అలా చేరితే మొదటి ఏడాది బయాలజీ ప్రాథమిక కోర్సు చదివిస్తారు. బైపీసీ నుంచి వచ్చినవాళ్లకు లెక్కల కోర్సు ఉన్నట్టే.

అగ్రికల్చర్, హార్టికల్చర్ రెండింటికీ ర్యాంకు సరిపోతోంది. ఏది తీసుకోను?

పండ్లు, కూరగాయలు, పూలు, సుగంధ ద్రవ్యాలు, ఆయిల్ పామ్ లాంటి తోట పంటలంటే ఇష్టముంటే హార్టికల్చరే. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి వెంకటరామన్నగూడెంలో, తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులో విడి విశ్వవిద్యాలయాలున్నాయి. ఇష్టం తేలకపోతే అగ్రికల్చర్ తీసుకోండి. ఉద్యోగ నోటిఫికేషన్లలో దానికి తలుపులు కాస్త ఎక్కువ, అంతే.

పదో తరగతి అయ్యాక అగ్రి డిప్లొమా చేసి ఆ తర్వాత డిగ్రీలోకి వెళ్లడం మంచిదా, ఇంటర్ మంచిదా?

రెండేళ్ల అగ్రికల్చర్ డిప్లొమా చేసినవాళ్లు అగ్రిసెట్ రాసి బీఎస్సీలో చేరొచ్చు. ఎంసెట్ ఒత్తిడి ఉండదు, పంటల పరిచయం ముందే అవుతుంది. చిక్కేమిటంటే అగ్రిసెట్ సీట్లు తక్కువ. రాసినవాళ్లలో చాలామందికి డిప్లొమాతోనే ఆగాల్సి వస్తుంది. అయితే విస్తరణ అధికారి స్థాయి ఉద్యోగాలకు డిప్లొమా కూడా అర్హతే కాబట్టి అది వృథా చదువేమీ కాదు. ఇంట్లో త్వరగా సంపాదన అవసరమైతే డిప్లొమా, పీజీ దాకా చదవాలనుంటే ఇంటర్. నా ఓటు ఇలాగే పడుతుంది.

## సీటు, కౌన్సెలింగ్

ఎంసెట్‌లో ఎంత రావాలి? ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌తో పాటే ఇదీ జరుగుతుందా?

జరగదు. ఏటా కొంతమంది సీటు పోగొట్టుకునేది ఇక్కడే. పరీక్ష ఈఏపీసెట్టే, ఎంసెట్‌కు ఇప్పటి పేరు అది. మూడు గంటలు, 160 ప్రశ్నలు, అందులో బయాలజీ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, నెగటివ్ మార్కుల్లేవు. కానీ ర్యాంకు వచ్చాక వ్యవసాయ విశ్వవిద్యాలయం తన సొంత నోటిఫికేషన్ ఇస్తుంది, దానికి విడిగా దరఖాస్తు చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు లాంలో ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, తెలంగాణలో రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ పని చూస్తాయి. ర్యాంకు కటాఫ్ చెప్పమని అందరూ అడుగుతారు. కోటా, కేటగిరీ, లోకల్ ఏరియాను బట్టి అది వేల ర్యాంకులు అటూ ఇటూ అవుతుంది. మొదటి విడతలో రాలేదని ఆశ వదులుకోకండి. మెడికల్ కౌన్సెలింగ్‌లో సీటొచ్చినవాళ్లు వెళ్లిపోయాక ఆఖరి విడతల్లో ర్యాంకులు బాగా కిందికి దిగుతాయి.

రైతు కోటా అంటే ఏమిటి? మా తాత పేరు మీద భూమి ఉంటే చాలా?

గ్రామీణ నేపథ్యం ఉన్న రైతు కుటుంబాల పిల్లలకు 40 శాతం సీట్లు పక్కన పెడతారు. అందరూ భూమి దగ్గరే ఆగిపోతారు గానీ, రెండు షరతులూ కలిసి ఉండాలి. ఒకటి, మీ పేరుమీదో తల్లిదండ్రుల పేరుమీదో సాగు భూమి ఉండటం. రెండోది, మున్సిపాలిటీ కాని ప్రాంతంలోని బడిలో కనీసం నాలుగేళ్లు చదివి ఉండటం. పదెకరాలున్నా ఒకటో తరగతి నుంచీ పట్నంలోనే చదివితే వర్తించదు. తాత పేరు మీదే ఉంటే కౌన్సెలింగ్ నాటికి పాస్‌బుక్ మీ నాన్న పేరుకో అమ్మ పేరుకో మారి ఉండాలి. ఆ పని జూన్‌లో మొదలుపెడితే అవదు. ఇంటర్ రెండో ఏడాదిలోనే కదిలించండి. స్టడీ సర్టిఫికెట్ ఇచ్చే బడి మూతపడితే మండల విద్యాధికారి దగ్గర రికార్డు తీయించుకోవాలి, దానికీ సమయం పడుతుంది.

వేరే రాష్ట్రంలో, లేదా ఢిల్లీ పూసాలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో చదవాలంటే?

ప్రతి రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనూ కొన్ని డిగ్రీ సీట్లు ఐసీఏఆర్ జాతీయ కోటాకు వెళ్తాయి. ఒకప్పుడు అది 15 శాతం, తర్వాత 20 శాతమైంది. 2023 నుంచి వీటికి విడి పరీక్ష లేదు, సీయూఈటీ స్కోరే చూస్తారు. సొంత రాష్ట్రం బయట చేరినవాళ్లకు నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ ఉంది. పంజాబ్ గోధుమ, కేరళ మిరియాలు, రాజస్థాన్ సజ్జ చూసినవాళ్ల చదువు విశాలంగా ఉంటుందనడంలో సందేహం లేదు. భాష రాని ఊళ్లో రైతుతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు మాత్రం కష్టపడతారు.

ర్యాంకు రాలేదు. ప్రైవేటు కాలేజీలో లక్షలు పోసి చేరొచ్చా?

ఒక్క మాట అడగండి: ఐసీఏఆర్ అక్రెడిటేషన్ ఉందా, ఉంటే ఏ ఏడాది వరకు? నోటి మాట కాదు, కాగితం చూపించమనండి. ‘అప్లై చేశాం, వచ్చేస్తుంది’ అంటే లేనట్టే లెక్క. అక్రెడిటేషన్ లేని చోట డిగ్రీ చేసినవాళ్లకు ఐసీఏఆర్ పీజీ అడ్మిషన్లలో, కొన్ని ఉద్యోగ నోటిఫికేషన్లలో చిక్కులు వస్తాయి.

కాగితం సరిగ్గా ఉందనుకున్నాక కాలేజీకి వెళ్లి చూడండి. భవనం కాదు, పొలం చూడాలి. ఎన్నెకరాలుంది, నీళ్లున్నాయా, ఈ సీజన్లో ఏమేం పంటలున్నాయి, విద్యార్థుల మడులు ఎక్కడ? గడ్డి మొలిచిన ఖాళీ స్థలం చూపించి ఇదే మా ఫామ్ అంటే వెనక్కి తిరగండి. కీటకశాస్త్రం, తెగుళ్లు, నేలల విభాగాలకు శాశ్వత అధ్యాపకులున్నారో లేదో సీనియర్లను అడిగితే క్షణంలో తెలుస్తుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న ప్రైవేటు కాలేజీలూ, సొంతంగా డిగ్రీ ఇచ్చే ప్రైవేటు విశ్వవిద్యాలయాలూ ఒకటి కావు. డిగ్రీ మీద ఎవరి పేరుంటుందో కూడా అడిగి తెలుసుకోండి.

బాపట్ల, తిరుపతి, రాజేంద్రనగర్... వీటిలో ఏది బెస్ట్?

పాఠ్యాంశాలు ఒకటే, పరీక్షలూ దాదాపు ఒకటే. తేడా చుట్టూ ఉన్న పంటల్లో, పరిశోధనలో ఉంటుంది. బాపట్ల కాలేజీ 1945 నాటిది. తెలుగువాళ్లు సన్నబియ్యంగా తినే సాంబ మసూరి బీపీటీ 5204 అక్కడి నుంచే వచ్చింది. రాజేంద్రనగర్‌లో విశ్వవిద్యాలయంతో పాటు భారత వరి పరిశోధన సంస్థ, వ్యవసాయ విస్తరణ శిక్షణ ఇచ్చే మేనేజ్, వ్యవసాయ పరిశోధన నిర్వహణ నేర్పే నార్మ్ అన్నీ కూతవేటు దూరంలో ఉంటాయి. సెమినార్లకూ ఇంటర్న్‌షిప్‌లకూ అంత వెసులుబాటు ఇంకెక్కడా లేదు. తిరుపతిలో వేరుశనగ, మెట్ట సేద్యం దగ్గరగా కనిపిస్తాయి. అశ్వారావుపేట చుట్టూ ఆయిల్ పామ్. నైరా, మహానంది, జగిత్యాల పొలాసల్లో సీటొస్తే చిన్నబుచ్చుకోవాల్సిందేమీ లేదు. చిన్న కాలేజీల్లో మాస్టార్లకు ప్రతి విద్యార్థీ పేరుతో తెలుస్తాడు.

దూరవిద్యలో బీఎస్సీ అగ్రికల్చర్ చేయొచ్చా?

కుదరదు. వ్యవసాయ డిగ్రీలను దూరవిద్యలో ఇవ్వకూడదని యూజీసీ 2019లోనే నిర్ణయించింది. ఎవరైనా ఇస్తామంటే డబ్బు కట్టకండి.

## తరగతి గది, పొలం

నాలుగేళ్లూ అసలు ఏం చదువుతాం?

పంట ఒకటే, దాన్ని రకరకాల విభాగాలు తమ తమ కోణంలో చూస్తాయి. అగ్రానమీ ఎప్పుడు ఎలా సాగు చేయాలో చెబుతుంది, నేలల శాస్త్రం మట్టిలో ఏముందో చూస్తుంది. జన్యుశాస్త్రం, ప్రజననం కొత్త రకం ఎలా పుడుతుందో, కీటకశాస్త్రం, తెగుళ్ల శాస్త్రం దాన్ని ఏం పాడుచేస్తాయో చెబుతాయి. ఆర్థికశాస్త్రం మిగిలిందెంతో లెక్క తీస్తుంది. విస్తరణ ఈ కబురంతా రైతుకు చేరే దారి చూస్తుంది. వీటితో పాటు ఉద్యానం, ఇంజినీరింగ్, పశుపోషణ, స్టాటిస్టిక్స్ ఉంటాయి. బైపీసీ పిల్లలకు ఎక్కువ టెన్షన్ పెట్టేది స్టాటిస్టిక్సే. అది గట్టెక్కే సబ్జెక్టు అనుకుని వదిలేయకండి, పీజీలో మీ ప్రయోగం మొత్తం దానిమీదే నిలబడుతుంది.

నిజంగా పొలంలో పని చేయిస్తారా, ఫొటోలకేనా?

చేయిస్తారు. క్రాప్ ప్రొడక్షన్ కోర్సులో విద్యార్థులకు మడులు ఇస్తారు. ఖరీఫ్‌లో ఒక పంట, రబీలో ఇంకో పంట. దుక్కి నుంచి కోత దాకా మీ మడి మీదే. నాటు వేయడం, కలుపు తీయడం, ఎరువు తూచి చల్లడం, పూత, పిలకల లెక్కలు రాసుకోవడం, ఆఖర్న ఖర్చు పోను ఎంత మిగిలిందో రాయడం. గ్రూపులో ఇద్దరు పనిచేసి మిగతావాళ్లు గట్టు మీద నిలబడటం కూడా జరుగుతుంది, దాచడమెందుకు. ఆ గట్టు మీదివాళ్లెవరో ఏడాది తిరిగేసరికి వైవాలో తెలిసిపోతుంది. హెక్టారుకు ఇన్ని కిలోల నత్రజని అన్నప్పుడు, మీ మడికి ఎన్ని గ్రాముల యూరియా వేయాలో నోటి లెక్కన చెప్పలేకపోతారు. యూరియాలో నత్రజని 46 శాతం అన్న ఒక్క అంకె చేత్తో వేసినవాడికి జీవితాంతం గుర్తుంటుంది.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లిష్‌లో నెగ్గుకు రాగలనా?

పాఠాలూ పరీక్షలూ ఇంగ్లిష్‌లోనే. మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది, ముఖ్యంగా లాటిన్ శాస్త్రీయ నామాలతో. వాటికి స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుంది. రోజుకు కొన్నింటిని రాసుకుంటూ పోవడమే మందు, దగ్గరి దారి లేదు. వ్యాకరణం గురించి మరీ భయపడకండి, పేపరు దిద్దేవాళ్లు విషయమే చూస్తారు. నాలుగో ఏట రైతు ముందు నిలబడినప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. సుడిదోమ, అగ్గితెగులు, ఉల్లికోడు అనే మాటలు నోట్లోంచి తేలిగ్గా వచ్చేవాళ్లనే ఆయన వింటాడు.

కోర్సులో చూపించాల్సిన పురుగుల పెట్టె, హెర్బేరియం (ఎండబెట్టి అతికించిన మొక్కల సేకరణ) సీనియర్ల దగ్గర కొనుక్కుంటే పోదా?

కొనేవాళ్లు ఉన్నారు, అది మాస్టార్లకు తెలుసన్న సంగతీ అందరికీ తెలుసు. పాత పెట్టెలో మీసాలు విరిగిన పురుగులు వాళ్లకు ముఖపరిచయమే. మార్కుల సంగతి అలా ఉంచితే, వల పట్టుకుని పొద్దున్నే చేలో తిరిగితేనే ఏ పురుగు ఏ మొక్క మీద, ఏ నెలలో ఉంటుందో తెలుస్తుంది. సాలీడు, అక్షింతల పురుగు లాంటి మిత్రజీవులు కంటపడేదీ అప్పుడే. అవి తెలియనివాడు రేపు ప్రతి పురుగుకూ మందు రాస్తాడు. పరీక్షకు వారం ముందు కాకుండా వానాకాలంలోనే మొదలుపెట్టండి.

హాజరు తగ్గితే ఏమవుతుంది? మార్కులు ఎంత రావాలి?

75 శాతం లేకపోతే ఆ కోర్సు సెమిస్టర్ పరీక్ష రాయనివ్వరు. కోర్సు మళ్లీ నడిచినప్పుడు చేయాలి కాబట్టి డిగ్రీ సాగుతుంది. మార్కులు పది పాయింట్ల లెక్కలో ఉంటాయి, చివర్న వచ్చేదాన్ని ఓజీపీఏ అంటారు. పీజీ, ఉద్యోగాల్లో అదే అడుగుతారు. ఎనిమిదికి తగ్గకుండా చూసుకుంటే ఎక్కడా అడ్డం రాదు. మొదటి రెండు సెమిస్టర్లలో పోగొట్టుకున్నది తర్వాత లాక్కురావడం చాలా కష్టం.

మధ్యలో మానేయాల్సి వస్తే చదివినదంతా పోతుందా?

వ్యవసాయ డిగ్రీల పాఠ్యాంశాలు ఖరారు చేసే ఐసీఏఆర్ డీన్స్ కమిటీల్లో ఆరోదాని పాఠ్యప్రణాళికలో మొదటి ఏడాది తర్వాత సర్టిఫికెట్, రెండో ఏడాది తర్వాత డిప్లొమా తీసుకుని బయటికి వెళ్లే వీలు పెట్టారు. అయితే ఊరికే ఇవ్వరు, పది వారాల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆరోగ్యం, ఇంటి పరిస్థితి బాగోలేనివాళ్లకు ఇది మంచి వెసులుబాటు. విసుగొచ్చి మానేసేవాళ్లకు ఆ సర్టిఫికెట్‌తో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

## పల్లెలో: రావెప్

రావెప్ అంటే ఏమిటి? నిజంగా ఊళ్లో ఉండాలా?

గ్రామీణ వ్యవసాయ పని అనుభవం అన్న కార్యక్రమాన్ని అందరూ రావెప్ అంటారు. 1992లో రాంధవా కమిటీ సిఫారసుతో దేశమంతా పట్టుకుంది, ఇప్పుడు స్టూడెంట్ రెడీ అన్న పెద్ద కార్యక్రమంలో భాగం. నాలుగో ఏట వస్తుంది. ఐదో డీన్స్ కమిటీ లెక్క ప్రకారం మొత్తం 20 వారాలు, అందులో ఎనిమిది వారాలు పల్లెలో. మిగతావి కృషి విజ్ఞాన కేంద్రం, పరిశోధన స్థానం, మొక్కల వైద్యశాల, వ్యవసాయ పరిశ్రమల్లో గడుస్తాయి.

ఊళ్లో ఒక్కో విద్యార్థికి ఒక రైతును అప్పగిస్తారు. ఆయన చేసే పని మీరు చేయాలి, డైరీ రాయాలి. చావిడి దగ్గర ముగ్గుపిండి, రంగులతో నేలమీద ఊరి వనరుల పటం వేయించడం ఒక ముఖ్యమైన రోజు. పటం మీరు వేయకూడదు, ఊరివాళ్లతో వేయించాలి. ముందు నవ్వుతారు. కాసేపటికి ‘చెరువు అక్కడ కాదురా, తూము ఇటుంది’ అని చీపురుపుల్ల లాక్కుంటారు. ఏ వీధికి నీళ్లు రావో, ఎవరి పొలం కాలువ చివర ఉందో ఆ వాదనలోనే బయటపడుతుంది. మీ రిపోర్టుకు కావలసిన సరుకంతా ఆ గంటలో దొరుకుతుంది.

రైతు అడిగింది నాకు తెలియకపోతే?

తెలియదని చెప్పి, కనుక్కుని మర్నాడు చెప్పండి. రైతుకు మీ మీద గౌరవం తగ్గదు. తగ్గేది తోచిన మందు పేరు చెప్పినప్పుడు. మోతాదు ఎప్పుడూ గుర్తున్నంతలో చెప్పకండి, పంచాంగంలోనో డబ్బా మీదో చూసి చెప్పండి. విశ్వవిద్యాలయం ఏటా వేసే వ్యవసాయ పంచాంగం సంచిలో ఉంచుకోండి.

మందు కన్నా ముందు ప్రశ్నలు అడగడం నేర్చుకోండి. వరి గుండ్రంగా సుడులుగా ఎండిపోతోందంటే మొదళ్లు విడదీసి దోమ ఉందో లేదో చూడండి. ఏ రకం, ఎప్పుడు నాటారు, యూరియా ఎన్నిసార్లు వేశారు, కాలిబాటలు తీశారా? నత్రజని ఎక్కువై, నాటు ఒత్తుగా ఉండి, నీళ్లు నిలిచి ఉన్న చేలోనే సుడిదోమ విజృంభిస్తుంది. నీళ్లు తీసేసి చేను ఆరబెట్టమనడం ఖర్చు లేని మొదటి సలహా. వచ్చే ఏడాది రెండు మీటర్లకోసారి 20 సెంటీమీటర్ల బాట వదలమనడం రెండోది. మందు ఆ తర్వాత.

కొన్నిసార్లు ఎవరి దగ్గరా జవాబుండదు. 2021లో మిరప తోటల మీద నల్ల తామరపురుగు పడినప్పుడు రైతులు ఎన్ని మందులు మార్చినా అదుపు కాలేదు. అలాంటప్పుడు విద్యార్థిగా మీరు చేయగల పని నమూనా తీసి విశ్వవిద్యాలయం జిల్లాల్లో నడిపే సలహా కేంద్రమైన దగ్గరి డాట్ సెంటర్‌కో కృషి విజ్ఞాన కేంద్రానికో చేర్చడం.

రైతులు మమ్మల్ని పిల్లల్లా చూస్తారు. మాట వింటారా?

‘ఏం బాబూ, నాకు వ్యవసాయం నేర్పుతావా?’ అన్న మాట మొదటి వారం అందరికీ పడుతుంది. జవాబు చెప్పకండి. పెద్దవాళ్లను బాబాయ్, పెదనాన్న, పిన్నీ అని ఆ ఊరి వరసల్లోనే పిలవండి, ముందు వాళ్ల దగ్గర నేర్చుకోండి. భూసార పరీక్షకు మట్టి తీసి, ఫలితం చేతికిచ్చి, ఎరువుల షాపు బిల్లుతో పక్కపక్కన పెట్టి ఎంత ఎక్కువ వేస్తున్నారో చూపిస్తే మీ మాటకు విలువ మొదలవుతుంది. ఉపన్యాసం కన్నా బస్తా ధర బాగా పనిచేస్తుంది.

అమ్మాయిని పల్లెలో ఉంచడానికి ఇంట్లో భయపడుతున్నారు.

ఇప్పుడు చాలా క్లాసుల్లో అమ్మాయిలే ఎక్కువ, రావెప్ బ్యాచ్‌లూ అలాగే నడుస్తున్నాయి. బృందంగానే ఉంచుతారు, ఇన్‌ఛార్జి టీచర్ వచ్చిపోతుంటారు. బస ఎక్కడ, మరుగుదొడ్డి ఉందా, చీకటి పడ్డాక తిరిగే పనులుంటాయా అన్నవి ఓరియంటేషన్ వారంలోనే మొహమాటం లేకుండా అడగాలి. ఒక లాభం కూడా చెప్పండి ఇంట్లో: నాట్లు, కలుపు, పత్తి ఏరడం చేసేది ఆడవాళ్లే. వాళ్లు నోరు విప్పి మాట్లాడేది అమ్మాయిలతోనే.

## డిగ్రీ తర్వాత

పీజీ ఏ సబ్జెక్టులో చేయాలి? ఏదానికి స్కోప్ ఉంది?

స్కోప్ చూసి ఎంచుకున్నవాళ్లు పీహెచ్‌డీ మూడో ఏట నీరసపడతారు. ఏ ల్యాబులో టైం తెలియకుండా గడిచిందో అదే మీ సబ్జెక్టు. ప్రజననం తీసుకుంటే విత్తన కంపెనీలూ పరిశోధనా ఉన్నాయి గానీ ఓపిక చాలా కావాలి, ఒక రకం బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది. కీటకశాస్త్రం, తెగుళ్ల వాళ్లను పురుగుమందుల కంపెనీలు అడుగుతాయి. ఆర్థికశాస్త్రం చదివినవాళ్లకు బ్యాంకులు, నాబార్డ్ సిలబస్ దగ్గరవుతుంది. జాతీయ స్థాయిలో ఏఐఈఈఏ పీజీ పరీక్ష, రాష్ట్రంలో విశ్వవిద్యాలయం అడ్మిషన్లు, రెండూ రాయండి. ఏఐఈఈఏలో మంచి ర్యాంకొస్తే ఫెలోషిప్ వస్తుంది, ఇంట్లో డబ్బు అడగక్కర్లేదు.

ఎక్స్‌టెన్షన్ (విస్తరణ) అంటే వేరే ఏదీ రానివాళ్లు తీసుకునేదా?

హాస్టళ్లలో అలా అంటారు, నిజం కాదు. ఒక మంచి రకం పరిశోధన స్థానంలో తయారై కూడా పక్క మండలానికి చేరదు. ఎందుకు చేరదన్నదే ఈ శాస్త్రం. 1943లో రయాన్, గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని అయోవాలో హైబ్రిడ్ మొక్కజొన్న ఎలా వ్యాపించిందో చూశారు. దాని గురించి మొదట చెప్పింది ఎక్కువగా విత్తనాలమ్మేవాళ్లే, కానీ రైతును వేసేలా ఒప్పించింది పక్క పొలం రైతు. మన దగ్గర కొత్త పత్తి విత్తనం ఊళ్లోకి ఎలా వస్తుందో చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

చదువులో సర్వేలు, ప్రశ్నావళి తయారీ, గణాంకాలు, శిక్షణ కార్యక్రమాల రూపకల్పన, రేడియో, వీడియో, ఫోన్ సలహాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు అన్నీ వస్తాయి. మనుషులతో మాట్లాడటం ఇష్టం లేనివాళ్లు తీసుకోకూడదు. ఉన్నవాళ్లకు కృషి విజ్ఞాన కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థలు, హైదరాబాద్‌లోని మేనేజ్ లాంటి చోట్ల పని ఉంటుంది. ఒక లోపం ఒప్పుకోవాలి. ఎన్నో థీసిస్‌లు ‘రైతులకు అవగాహన లేదు’ అన్న వాక్యంతో ముగుస్తాయి. అవగాహన ఉండి కూడా డబ్బు లేక, నీళ్లు లేక, భూమి కౌలుది కావడం వల్ల చేయలేకపోయారేమో ఎవరూ అడగరు. మీరు అడిగితే మంచి థీసిస్ అవుతుంది.

ప్రభుత్వ ఉద్యోగం గ్యారంటీనా?

కాదు. మండల వ్యవసాయ అధికారి పోస్టులు పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా భర్తీ అవుతాయి, నోటిఫికేషన్లు ఏటా రావు. తెలంగాణలో 2022 డిసెంబరులో 148 పోస్టులకు వచ్చింది. అంతకు ముందు ఎదురుచూసినవాళ్లను అడిగితే తెలుస్తుంది ఆ ఎదురుచూపు సంగతి. తెలంగాణలో అయిదు వేల ఎకరాలకో విస్తరణ అధికారి, ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో వ్యవసాయ సహాయకులు అన్న ఏర్పాట్లతో కింది స్థాయి పోస్టులు ఒక్కసారిగా పెరిగాయి. అలాంటి భర్తీలు మళ్లీ మళ్లీ జరగవు. కోచింగ్ గదుల్లో కూర్చుని ఏళ్లు గడిపేయడం కంటే పీజీలోనో పనిలోనో ఉంటూ రాయడం మంచిది. సివిల్స్‌లో అగ్రికల్చర్ ఆప్షనల్‌గా ఉంది, ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకూ ఈ డిగ్రీ అర్హతే.

బ్యాంకుల్లో ఏఎఫ్ఓ ఉద్యోగం ఎలా ఉంటుంది?

ఐబీపీఎస్ స్పెషలిస్ట్ ఆఫీసర్ పరీక్ష ద్వారా అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్లను తీసుకుంటారు. వయసు 20 నుంచి 30. మెయిన్స్‌లో మీ సబ్జెక్టే అడుగుతారు కాబట్టి నాలుగేళ్లు సరిగ్గా చదివినవాళ్లకు అది సులువు. చాలామంది తప్పేది ప్రిలిమ్స్‌లోని రీజనింగ్, లెక్కల దగ్గర. పని పంట రుణాలు, పొలం తనిఖీలు, వసూళ్లు. వసూళ్ల మాట ముందే తెలుసుకుని చేరండి. ఉత్తరాది పల్లె బ్రాంచికి పోస్టింగ్ వచ్చే అవకాశమూ ఉంది.

ప్రైవేటు కంపెనీల్లో పని అంటే మందులు అమ్మడమేనా?

మొదట్లో ఎక్కువగా అంతే. డీలర్ల చుట్టూ తిరగడం, నెలాఖరు టార్గెట్, రైతు సమావేశాలు, బండి మీద రోజంతా ప్రయాణం. కొంతమంది ఇందులోనే బాగా ఎదుగుతారు. విత్తన కంపెనీల్లో ఉత్పత్తి, నాణ్యత పరీక్ష విభాగాలు వేరే రకం పని. ఇంటర్వ్యూలో ఏ విభాగమో అడిగి ఖాయం చేసుకోండి.

సొంతంగా ఎరువులు, మందుల షాపు పెట్టుకోవచ్చా?

పెట్టొచ్చు, లైసెన్సుకు కావలసిన విద్యార్హత మీ డిగ్రీలోనే ఉంది. పెట్టుబడికి అగ్రిక్లినిక్స్ పథకం చూడండి. 2002లో మొదలైంది, మేనేజ్ నడిపిస్తుంది. 45 రోజుల ఉచిత శిక్షణ, ఒక్కరు పెట్టే ప్రాజెక్టుకు 20 లక్షల దాకా రుణం, దానిమీద 36 శాతం సబ్సిడీ. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 44 శాతం. రుణం ఇచ్చేది బ్యాంకే కాబట్టి మేనేజర్‌ను ఒప్పించే పని మిగిలే ఉంటుంది. అసలు కష్టం అప్పు బేరం. రైతు పంట అమ్మాక డబ్బిస్తాడు, కంపెనీ అంతదాకా ఆగదు. మీ లైసెన్సును ఇంకొకరి షాపుకు అద్దెకివ్వమని అడిగేవాళ్లు వస్తారు. ఇవ్వకండి, నకిలీ విత్తనం దొరికితే కేసు మీ పేరు మీదే.

డిగ్రీ అయ్యాక వ్యవసాయమే చేస్తానంటే ఇంట్లో ఒప్పుకోవట్లేదు. ఎలా చెప్పాలి?

మాటలతో ఒప్పుకోరు. ‘ఇందుకా చదివించింది’ అన్న బాధలో న్యాయం ఉంది, వాళ్లు నష్టాలు చూసినవాళ్లు. మొత్తం పొలం అడగకుండా ఒక ఎకరం, ఒక సీజన్ అడగండి. విత్తనం, కూలీలు, ట్రాక్టరు, మీ సొంత పని దినాలతో సహా ప్రతి రూపాయీ రాయండి. ఇంట్లో ఎవరూ తమ కూలీ లెక్క కట్టరు, లాభమనుకున్నది నష్టమని అక్కడే తేలుతుంది. కొన్నిసార్లు అటునుంచి ఇటూ తేలుతుంది. కొత్త పంట కన్నా ఉన్న పంటనే విత్తనోత్పత్తికి వేయడం, ఊళ్లోవాళ్లకు నారు పెంచి అమ్మడం లాంటివి చదువుకు దగ్గరగా, రిస్కు తక్కువగా ఉంటాయి. భూమి కౌలుకు తీసుకుంటే ఒప్పందం కాగితం మీద రాయించుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే సాగుదారు హక్కు పత్రం కూడా తీసుకోండి, అది లేకపోతే పంట రుణం, నష్టపరిహారం యజమాని పేరు మీదికే వెళ్లిపోతాయి.